ఆగని మగ్గం, కొంగు రాని చీర

పసిపిల్లల్ని పెంచే విద్యలో నన్ను మించినోడు ఈ చుట్టుపక్కల పన్నెండు పేటల్లో లేడు. నా దగ్గర నూటొక్క చిట్కాలున్నాయి. పాలు ముట్టనోడి చేత గ్లాసు ఖాళీ చేయించేవి, నీళ్ళు పోస్తానంటే పెరట్లోకి పారిపోయేదాన్ని గంగాళంలో కూర్చోబెట్టేవి, అన్నీ ఉన్నాయి. నూటొకటిలో తొంభైతొమ్మిది పని చెయ్యవనుకో. మిగిలిన రెండూ నావి కావు, కోటమ్మవి. కోటమ్మెవరో చెప్తా ఉండండి. ఏం బంగారత్తా, అప్పుడే నవ్వుతున్నావు? నీ చంకలోవాడు నీ పుస్తెలతాడు నములుతున్నాడు, ముందు అది లాక్కో. పడుగు సాగదీశాం, గంజి పట్టించాం, ఇక అది ఆరేదాకా మీకూ పని లేదు, నాకూ పని లేదు. చిన్నపిల్లలున్నోళ్ళు ముందుకి జరగండి. లేనోళ్ళు వెనక కూర్చుని నవ్వుకోండి, మీకూ ఆ రోజొస్తుంది.

మార్కండేయులని ఒకడుండేవాడంట. మన పేటలోనే, మా తాత పుట్టకముందు మాట. చెయ్యి మంచిది, నేత మంచిది. నోరొక్కటే, ఎవరేం చెప్పబోయినా సగంలో "నాకు తెలుసు" అనేసేదంట. ఒరే మార్కండూ, వానొస్తోంది, పడుగు తియ్యరా అంటే "నాకు తెలుసు" అని, నిలబడి పడుగుతో పాటు తడిసేవాడంట. అట్టాంటోడు. వాడి పెళ్ళాం భద్రమ్మ. ఆ మనిషికి దేవుడు రెండే చేతులిచ్చాడు, పనులు మాత్రం పదిచేతులకి సరిపడా ఇచ్చాడు. కండెలు చుట్టాలి, గంజి కాయాలి, తెగిన పోగులు అతకాలి, పొయ్యి ఊదాలి, నీళ్ళు తేవాలి. కండె అంటే, ఇదిగో ఈ పుస్తకంలో రాసుకునే అన్నకి తెలీదు గాబట్టి చెప్తున్నా, నాడెలో పెట్టే నూలు చుట్టిన చిన్న పుల్ల. నాడె అంటే పడుగులో నిలువు పోగుల మధ్య అటూ ఇటూ విసిరేది. రాయన్నా, రాయి. సరే, ఇన్ని పనుల మధ్య ఇద్దరు పిల్లలు. పెద్దది సింగారి, ఐదేళ్ళది. రెండోవాడు పదినెలలోడు. తాత పేరేదో పెట్టారు గానీ పుట్టెంటికలు తీయించినప్పటి నుంచి ఊరంతా గుండూ అనే పిలిచేవాళ్ళంట. వాడికి కింద రెండు పళ్ళు వచ్చినై, బియ్యపు గింజల్లాగా. ఆ రెండిటితో వాడు కొరకని వస్తువు ఇంట్లో లేదనుకో.

ఇట్టా ఉండగా ఏమైందంటే, భద్రమ్మ చెల్లెలు శేషారత్నానికి పెళ్ళి కుదిరింది. ఏటవతల ఊరు. వాళ్ళ నాన్న బండి కట్టుకుని కబురు చెప్పటానికొచ్చి, అల్లుడూ, ఇరవై ఒకటో రోజున ముహూర్తం, నీ మరదలు ఒకటే పట్టు పడుతోందయ్యా అన్నాడంట. ఏమని మావా అంటే, మా బావ నేసిన చీర కట్టుకునే పీటల మీద కూర్చుంటా, అంగట్లో చీర తెస్తే పీట ఎక్కనే ఎక్కను అని కూర్చుంది అన్నాడు. మార్కండేయులికి ఛాతీ ఇంత పొంగింది. ఇరవై ఒక్క రోజులెందుకు మావా, పది రోజులు చాలు, నాకు తెలుసుగా అన్నాడంట. వంటింట్లోంచి భద్రమ్మ తలబాదుకుంది, అది మనకి వినపడదు గానీ.

పసుపు ఒళ్ళు, ఎర్ర అంచు. పదహారు మూరల చీర. పడుగంటే ఒక్క చీరకే పట్టరు కదా, నాలుగు చీరలకి సరిపోయేటట్టు అరవైనాలుగు మూరలు పట్టి మగ్గానికెక్కించాడు. పెళ్ళి చీర మొదట, మిగిలినవి తర్వాత. ఇప్పుడు మీరొకటి గుర్తుపెట్టుకోవాలి. చీర ఒళ్ళు నెయ్యటం తేలిక. ఒకే నాడె, ఒకే రంగు, కళ్ళు మూసుకుని కూడా నేసెయ్యొచ్చు. కొంగు అట్టా కాదు. పద్నాలుగు మూరలు అయ్యాక మగ్గం ఆపాలి, కండె మార్చాలి, ఒక చార నెయ్యాలి, మళ్ళీ ఆపాలి, కొలుచుకోవాలి, ఇంకో రంగు కండె పెట్టాలి. రెండు మూరల కొంగుకి నూటయాభై సార్లు ఆగాలి. పైగా పెళ్ళి చీరకి కొంగు లేకపోతే ఏమవుద్ది? అత్తా నువ్వు చెప్పు. ఆఁ, కొంగుముడి దేనికేస్తారు? పెళ్ళికొడుకు ఉత్తరీయం పట్టుకుని పంతులు గాల్లో ముడెయ్యాలా? అదీ సంగతి.

మొదటి రోజే సింగారి పడుగు కింద దూరి పోగులు లాగటం మొదలెట్టిందంట. ముట్టుకోకే, అంది భద్రమ్మ. సింగారి ముట్టుకుంది. ముట్టుకోకన్నానా, అంది. ఇంకో చేత్తో ముట్టుకుంది. ఇట్టా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. ఎదురింట్లో కోటమ్మ ఉండేది. ఆమె అసలు కథకి ప్రాణం. ఏడుగుర్ని కన్నది, ఏడుగుర్నీ మగ్గం పక్కనే పెంచింది, కిటికీలో కూర్చుని రాట్నం తిప్పుతూ వీధిలో అందరి పిల్లల్నీ కళ్ళతోనే కాసేది. ఆమె అక్కడి నుంచే అరిచిందంట, ఏమే భద్రమ్మా, ఆ ముట్టుకోకు ముట్టుకోకు అనే పాట వినలేక చస్తున్నానే తల్లీ! వద్దు అన్నదాని మీదకే పిల్లల చెయ్యి పోద్ది. ఖాళీ చెయ్యి పోగు లాగుద్ది, పనున్న చెయ్యి లాగదు. దాని చేతిలో ఏదన్నా పెట్టు. నీ పనిలో ముక్కే పెట్టు, ఆటబొమ్మ పెడితే కనిపెట్టేస్తది. భద్రమ్మ బుట్టెడు తెగుపోగులు తెచ్చి, అమ్మా సింగారీ, ఎర్రవన్నీ ఒక కుప్ప, పచ్చవన్నీ ఒక కుప్ప పెట్టాలే, మీ నాన్నకి అర్జంటంట అంది. ఆ పిల్ల నాలుక బయటపెట్టి కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదంటే నమ్ముతారా? నేనూ నమ్మను. ఒక గంట కూర్చునుంటది. గంట చాలదా మీకు?

అన్నం దగ్గర ఇంకోటి. తింటావా అంటే తినను. అడగటమే తప్పు, వాళ్ళు వద్దంటారని తెలిసి ఎందుకడుగుతారు? కోటమ్మ చెప్పిందంట, తింటావా అని అడగొద్దే, పీట మీద కూర్చుని తింటావా, గడప మీద కూర్చుని తింటావా అని అడుగు. భద్రమ్మ అట్టాగే అడిగింది. సింగారి పీట వంక చూసింది, గడప వంక చూసింది, ఊరి పంచాయితీ తీర్పు చెప్పినంత సేపు ఆలోచించి "గడప" అంది. గెలిచానని కంచం ఖాళీ చేసింది. భద్రమ్మకి ఇది ఎంత నచ్చిందంటే, మొగుడి మీద కూడా వేసింది. ఏమయ్యా, ముందు నీళ్ళు తెస్తావా, ముందు కట్టెలు కొడతావా? అంతకుముందు రెండూ చేసేవాడు కాదు. ఆ రోజు మీసం దువ్వుకుని ఆలోచించి, "ముందు కట్టెలు" అన్నాడంట. బాబాయ్, నువ్వు అటు తిరగొద్దు, పిన్ని రోజూ నిన్ను అడిగేది కూడా ఇదే.

ఇంక మిగిలింది గుండు. వాడితోనే వచ్చింది అసలు గొడవ. వాడికి ఎప్పుడూ చంక కావాలి. చంకెక్కించుకుంటే భద్రమ్మకి కండెలు చుట్టటం కుదరదు, కండెలు లేకపోతే మగ్గం ఆడదు. దించితే ఏడుస్తాడు. ఏడుస్తుంటే మార్కండేయులు, పాపం నిద్రొస్తున్నట్టుంది, నిద్రపుచ్చవే అనేవాడు. నిద్రపుచ్చాలంటే ఉయ్యాల ఊపాలి. ఉయ్యాల ఊపాలంటే చెయ్యి కావాలి. ఇదిట్టా తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. రెండోరోజు మార్కండేయులికి బుర్రలో వెలిగిందంట. మగ్గంలో నాడె విసిరినప్పుడల్లా పోగుని కొట్టే పలక ముందుకీ వెనక్కీ ఊగుద్ది కదా. ఉయ్యాల కూడా ముందుకీ వెనక్కీ ఊగేదే కదా. దూలానికి కట్టిన చీర ఉయ్యాలకి ఒక తాడు కట్టి, ఆ తాడు రెండో కొస తెచ్చి పలకకి కట్టాడు. నేస్తే చాలు, టక్కు టక్కు, ఉయ్యాల దానంతటదే ఊగుద్ది. ఎదురు కిటికీలోంచి కోటమ్మ చూసి, అదికాదురా అబ్బాయ్, అసలు వాడికి, అని ఏదో చెప్పబోయింది. "నాకు తెలుసత్తా!" అన్నాడు. ఆమె నోరు మూసుకుని రాట్నం తిప్పుకుంది. ఏడుగుర్ని పెంచినామె, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలుసు.

గుండు పడుకున్నాడు! టక్కు అంటే ఊగుతాడు, టక్కు అంటే ఊగుతాడు, నాలుగు టక్కులకి నోరు తెరిచి పడుకున్నాడు. పేటలో మగాళ్ళంతా వచ్చి చూసి, ఆహా మార్కండూ, ఏం బుర్రరా నీది, అని ముక్కు మీద వేలేసుకున్నారంట. భద్రమ్మకి రెండు చేతులూ ఖాళీ అయినై. వేడివేడిగా ఉలవచారు కాచింది, ఎన్నాళ్ళకో తలకి నూనె రాసుకుంది. మూడు మూరలైంది, ఏడు మూరలైంది, ఆరో రోజుకి పద్నాలుగు మూరలైంది. కొంగు దగ్గరికొచ్చాం అనుకుని మార్కండేయులు మగ్గం ఆపాడు. ఎర్ర కండె అందుకుని నోట్లో పెట్టి పోగు తీశాడో లేదో, గుండు ఒక కన్ను తెరిచాడు. ఉయ్యాల ఆగింది. రెండో కన్ను తెరిచాడు. ఇక మొదలెట్టాడు చూడు! ఆ ఏడుపుకి పొయ్యి మీద పాలు విరిగినై, వీధి చివర ఎవరిదో పడుగు పటపటా తెగింది అనుకో. మార్కండేయులు ఉలిక్కిపడి, ఒద్దురా నాన్నా ఒద్దురా, అని గబగబా నాడె విసిరాడు. టక్కు టక్కు. గుండు పడుకున్నాడు. చూసుకుంటే ఏముంది, విసిరింది ఎర్ర నాడె కాదు, పాత పసుపు నాడే. పదిహేనో మూర కూడా ఒళ్ళే అయింది.

ఫర్వాలేదులేవే, ఇంకో మూర నేసి గాఢంగా నిద్రపోయాక కొంగు మొదలెడతా అన్నాడు. ఇంకో మూర నేశాడు. ఆపాడు. గుండు కన్ను తెరిచాడు. టక్కు టక్కు. భద్రమ్మ చేత్తో ఊపి చూసింది, వాడు ఊరుకోలేదు. ఊపు ఉందిగానీ చప్పుడు లేదయ్యా అని సింగారి చేత రెండు పుల్లలు కొట్టించింది. వాడు నవ్వాడు, నవ్వి మళ్ళీ ఏడ్చాడు. ఊపూ చప్పుడూ రెండూ కలిసి ఆ మగ్గం నుంచే రావాలి. అలవాటు అట్టాంటిది మరి. ఇరవై మూరలైంది. పాతిక మూరలైంది. మగ్గం ఆగదు గాబట్టి కండెలు ఎన్ని చుట్టినా చాలటం లేదు. రెండు చేతులూ ఖాళీ అయినై అన్నానే, ఆ భద్రమ్మకి ఇప్పుడు రాట్నం ముందు నుంచి లేవటానికే లేదు. మార్కండేయులికి మగ్గం గుంటలోంచి కాళ్ళు తీసే వీల్లేదు. భద్రమ్మ ముద్ద కలిపి వాడి నోట్లో పెడితే, పలక ముందుకొచ్చినప్పుడు నోరు తెరవాలి, వెనక్కి పోయినప్పుడు నమలాలి. ఒకసారి లెక్క తప్పి ముద్ద మీసానికి పోయింది. వీపు మీద చీమ పాకితే, సింగారీ, అమ్మా, కొంచెం పైకే, ఇంకొంచెం ఎడమకే అని గోకించుకున్నాడు. తుమ్మొస్తే ఆపుకున్నాడు. తుమ్మితే టక్కు తప్పుద్ది కదా!

వీధిలో పోయేవాళ్ళు ఊరుకుంటారా? ఏం మార్కండూ, చీర నేస్తున్నావా, ఏటికి కట్ట కడుతున్నావా అన్నాడొకడు. పెళ్ళికూతురు ఏనుగంత ఉంటదంటగా అంది ఒకామె. వాడు నవ్వలేడు, ఏడవలేడు. ఇంకో పక్క ఏమైందంటే, పగలంతా ఊయల్లో పడుకున్న గుండుగాడు పొద్దు వాలంగానే కళ్ళు చింతగింజల్లాగా తెరిచి కూర్చుని, తెల్లారేదాకా వీళ్ళిద్దర్నీ పడుకోనివ్వటం లేదు. వీడికేదో దిగులు తగిలింది, తాయెత్తు కట్టిద్దామా అనుకున్నారంట వెర్రోళ్ళు. దిగులు లేదు, పాడూ లేదు. పగలు మీరు పడుకోబెట్టారు, చీకటి పడ్డాక వాడు మేలుకున్నాడు. రవణక్కా, నువ్వు తల వంచుకోవటం నేను చూశాన్లే.

అట్టా అట్టా ఇరవయ్యో రోజు తెల్లారింది. మధ్యాహ్నానికి వాళ్ళ మావ బండి వస్తది, ఏరు దాటాలి, మర్నాడు పొద్దున్నే ముహూర్తం. అరవై ఒకటిన్నర మూరలు నేసేశాడు. పడుగు ఇంక రెండున్నర మూరలే మిగిలింది. అర్థమైందా? కొంగుకి కావాల్సింది రెండు మూరలు. ఇంకొక్క మూర పసుపు ఒళ్ళు పడిందా, కొంగు నెయ్యటానికి పడుగే ఉండదు. అరవైనాలుగు మూరల గుడ్డ ఉంటది, చీర ఉండదు. భద్రమ్మ రాట్నం ఆపేసి వచ్చి మగ్గం ముందు నిలబడింది. ఏడవలేదంట, ఏడ్చి ఏడ్చి అయిపోయింది. ఆపయ్యా, అంది. ఎట్టా ఆపమంటావే? వాడేడుస్తాడు, అన్నాడు. ఏడవనీ. నా చెల్లెలు పందిట్లో కొంగు లేకుండా నిలబడితే అదేడవదా? చిన్నప్పుడు దానికి అమ్మ లేకపోతే నా కొంగు పట్టుకునే తిరిగింది. దాని కొంగు నా ఇంట్లోంచి పోవాలని ఆశపడిందయ్యా, అంగడి చీరలు దొరక్క కాదు. మార్కండేయులు చెయ్యి ఆడుతూనే ఉంది. వాడేడుస్తుంటే నా కళ్ళకి పోగు కనపడదే భద్రా, అన్నాడు చిన్నగా. నాకు తెలుసు, అనలేదు. టక్కు. టక్కు.

టప్పు.

అది మగ్గం చప్పుడు కాదు. తాడు తెగింది. పలక ఒంటరిగా ముందుకొచ్చి ఆగిపోయింది. ఇద్దరూ కళ్ళు మూసుకుని, చెవులు మూసుకుని నిలబడ్డారంట. ఇప్పుడు పడుద్ది పిడుగు, ఇప్పుడు పడుద్ది. పడలేదు. మార్కండేయులు ఒక చెవి తెరిచాడు. ఏం వినపడలేదు. దానికి తోడుగా రెండోదీ తెరిచాడు. ఏదో కిసుక్కుమన్నట్టుంది. మెల్లగా పోయి చూస్తే ఏముంది, గుండుగాడు ఉయ్యాల్లో లేచి కూర్చునున్నాడు. కళ్ళల్లో నిద్ర అనేది మచ్చుకైనా లేదు. తాడు కొస నోట్లో ఉంది. ఆ బియ్యపు గింజలంత రెండు పళ్ళతో, ఎన్ని రోజుల నుంచి కొరుకుతున్నాడో ఏమో, పోగు పోగు కొరికి తెంపేశాడు! అమ్మానాన్నల్ని చూసి తాడు చూపించి నవ్వాడంట, నేనూ నేసే పనే చేశాను చూడండి అన్నట్టు. రెండు పాలపళ్ళకి తాడు తెగుద్దా అని అడగొద్దు. తెగింది. కథలో తెగకపోతే ఎక్కడ తెగుద్ది?

అప్పుడు కోటమ్మ నవ్వు వినపడింది. కిటికీ వదిలేసి, రాట్నం వదిలేసి, వీధి దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒరే మార్కండూ, ఇప్పుడన్నా చెప్పనిస్తావా? అంది. చెప్పత్తా, అన్నాడు బుద్ధిగా. వాడికి నిద్ర రావటం లేదురా వెర్రినాగన్నా! ఏడ్చిన ప్రతి ఏడుపూ నిద్ర ఏడుపు కాదు. ఆకలి ఏడుపు ఒకటి, తడి ఏడుపు ఒకటి, అందరూ పనిలో ఉన్నారు, నన్నొక్కణ్ణే పక్కన పడేశారే అనే ఏడుపు ఇంకొకటి. మీరు ఇరవై రోజులుగా మేలుకున్న పిల్లాణ్ణి పడుకో పడుకో అని ఊపుతున్నారు. వాడికి కావాల్సింది ఊపు కాదు, మీ మధ్యలో ఇంత చోటు. పెద్దదాని చేతిలో పని పెట్టమంటే పెట్టారు, మరి వీడు మనిషి కాదా? భద్రమ్మ, అత్తా, వాడికి పదినెల్లే కదా, వాడికేం పని చెప్పేది, అంది. పదినెల్లోడికి వచ్చిన పని ఒకటుంది, చేతిలో ఉన్నది అవతల పడెయ్యటం. అదే చేయించు, అంది కోటమ్మ.

మగ్గం గుంట పక్కన చాప పరిచారు. పరిచే ముందు కత్తెరలూ దబ్బనాలూ తీసి గూట్లో పెట్టింది కోటమ్మ, అది మర్చిపోకండి, చేతికందేవన్నీ ముందు ఎత్తెయ్యాలి. చాప మీద గుండు, వాడి ముందు రంగు కండెల బుట్ట, బుట్టకి అటుపక్క సింగారి. మార్కండేయులు గుంటలో దిగి కూర్చుని, ఏదిరా నాన్నా, ఎర్రది ఇలా ఇవ్వు అని చెయ్యి చాపాడంట. గుండు ఆకుపచ్చ కండె విసిరాడు. ఇది కాదురా ఎర్రది. మళ్ళీ ఆకుపచ్చదే. భద్రమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఎర్రచార తర్వాత ఆకుపచ్చ, ఆకుపచ్చ తర్వాత ఊదా అని వాళ్ళ తాతల నుంచి వస్తున్న వరస కదా కొంగుకి. మార్కండేయులు కండె వంక చూశాడు, కొడుకు వంక చూశాడు, కిటికీలోంచి ఎండ ఎంత పైకెక్కిందో చూశాడు. ఇదేం వరసో నాకు తెలీదురా అయ్యా, నువ్వే చెప్పు, అని ఆ ఆకుపచ్చ కండెనే నాడెలో పెట్టాడంట. పేటలో వాడి నోటి వెంట తెలీదు అనే మాట రావటం అదే మొదలు. కోటమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

ఇక సాగింది. గుండు ఏ రంగు విసిరితే ఆ చార. రెండు ఆకుపచ్చలు, ఒక ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ, మూడు ఊదాలు, మధ్యలో ఒక నలుపు! పెళ్ళి చీరకి నలుపేంటని భద్రమ్మ అది మాత్రం లాక్కుని తన కట్టుచీర కొంగులో దాచేసింది, ఆ ఒక్కచోటే గుండు ఏడ్చాడు, నారింజ రంగుది చేతిలో పెడితే ఊరుకున్నాడు. వాడు విసిరినప్పుడల్లా సింగారి ఏరుకొచ్చి నాన్నకిస్తది. అయిపోయిన పుల్లలు వాడికిస్తే వాటిని కొరుకుతాడు. మగ్గం నూటయాభై సార్లు ఆగింది, ఆగినప్పుడల్లా వాడు పకపకా నవ్వాడు, ఎందుకంటే ఆగినప్పుడే కదా వాడి వంతు! ఎండ నడినెత్తికి వచ్చేసరికి రెండు మూరల కొంగు పడింది. వాడు చాప మీదే, బుట్టలో తల పెట్టి, ఎవరూ ఊపకుండా, ఎవరూ జోకొట్టకుండా పడుకునిపోయాడు. నిజంగా నిద్రొస్తే పిల్లలకి తాళ్ళెందుకు, మగ్గాలెందుకు?

వాళ్ళ మావ బండి దిగి లోపలికొచ్చి, చుట్టిన ఆ గుడ్డ దుంగ చూసి నిలబడిపోయాడంట. అల్లుడూ, నేను చీర తెమ్మన్నాను, నువ్వు పెళ్ళి పందిరి మొత్తం నేసి పెట్టావేమయ్యా, అన్నాడు. కొంగు కొస నుంచి వెనక్కి పదహారు మూరలు కొలిచి కత్తిరించారు. అదే చీర. బండెక్కారు, ఏరు దాటారు. తెల్లారి పందిట్లో శేషారత్నం ఆ చీర కట్టుకుని వస్తే, ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళు అందరూ కొంగు వంకే చూస్తున్నారంట. పెళ్ళికొడుకు తల్లి కొంచెం మాట గట్టి మనిషి. ఇదేంటమ్మా, ఏ చార పక్కన ఏ చార ఉందో ఒక వరసా వావీ లేదే, అంది. మార్కండేయులు తల గోక్కున్నాడు. శేషారత్నం తల ఎత్తి, బావా, ఎవరు నేశారిది, అని అడిగింది. ఒళ్ళు నేను నేశానమ్మా, కొంగు మాత్రం నీ అక్క కొడుకు చెప్పినట్టు నేశాను, అన్నాడు. ఆ పిల్ల కొంగు ఒళ్ళో వేసుకుని ఒక్కో చారా వేలితో తడిమి, ఇది వాడికి కోపం వచ్చినప్పటిదై ఉంటది కదక్కా, ఇది నవ్వినప్పటిది, అని చెప్తుంటే భద్రమ్మ కళ్ళు తుడుచుకోవటానికి తన కొంగు చాల్లేదంట. అత్తగారు చూసి చూసి, సర్లే, నా మనవడు పుడితే వాడి చేత కూడా ఒకటి నేయించు నాయనా, అంది. పంతులు ఆ కొంగు తీసి ఉత్తరీయానికి ముడేశాడు. ఎంత గట్టిగా వేశాడంటే విప్పటానికి మూడోరోజున ముగ్గురు ముత్తైదువలు కావాల్సొచ్చిందంట.

మిగిలిన నలభైఏడున్నర మూరల పసుపు గుడ్డ ఏం చెయ్యాలి? కొంగు లేని గుడ్డ చీరగా పనికిరాదు. భద్రమ్మ ఇంటికి ఆరు మూరల చొప్పున కోసి, పేటలో చంటిపిల్లలున్న ఏడిళ్ళకి ఉయ్యాలగుడ్డలు పంచి, మిగిలిన ముక్క గుండుకి ఉంచింది. పంచుతూ ఒక్కో ఇంట్లో ఒకటే మాట చెప్పిందంట, వదినా, నిద్రొస్తేనే ఇందులో వెయ్యి, మనకి పనుందని వెయ్యకు. అదిగో, ఇప్పటికీ మన పేటలో ఉయ్యాలగుడ్డ పసుపుదే కదా, ఎందుకో ఎవరికీ తెలీదు. ఇదీ కారణం. కాకపోయినా ఇదే బాగుంది.

కథయింది, పడుగు కూడా ఆరినట్టే ఉంది, లేవండి. పిల్లల చేతిలో పని పెట్టండి, అడిగేటప్పుడు రెండిటిలో ఒకటి అడగండి, ఏడిస్తే ఎందుకేడుస్తున్నారో ముందు చూడండి, ఎదురింటి కోటమ్మ ఏదన్నా చెప్పబోతే మాట పూర్తిగా చెప్పనివ్వండి. ఇంతే. ఇందులో ఒక్కటీ కష్టం కాదు, మన ఓపికే కష్టం. ఏంటి బంగారత్తా? ఈ మగ్గం చప్పుడు అలవాటు పెద్దయ్యాకన్నా పోద్దా అని అడుగుతున్నావా? అబ్బే, పోదా మరి. ఎందుకు పోదూ. సరే, చెప్తాను గానీ నవ్వకూడదు, అన్నా నువ్వు ఇది రాయకూడదు. మా అమ్మ కూడా నన్ను మగ్గం పక్కనే పెంచింది. మొన్న పెళ్ళిచూపులకి పోయాం కదా, పిల్ల నచ్చలేదని వచ్చేశానని అందరికీ చెప్పాను. నచ్చకపోవటానికి నేను ఆ పిల్లని చూస్తేగా! వాళ్ళ వెనకింట్లో మగ్గం ఆడుతోంది. కుర్చీలో కూర్చున్నా, చేతిలో పకోడీల పళ్ళెం పెట్టారు, ఆ పిల్ల గాజుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది, అంతే నాకు గుర్తుంది. పకోడీ నోట్లో పెట్టుకుని గురక పెట్టానంట. ఎంత లేపినా లేవకపోతే ఆ పిల్లే పోయి, వెనకింటివాళ్ళని మగ్గం ఆపమని చెప్పొచ్చిందంట. చప్పుడు ఆగంగానే నేను కళ్ళు తెరిచి, అంతమంది పెద్దల ముందు, ఆ పిల్ల మొహం చూసి, "అమ్మా, ఎత్తుకో" అన్నాను.